ఏడో పైపు

డ్యామ్ భద్రతాధికారి ఆ సోమవారం ఉదయం తొమ్మిదింటికి గ్యాలరీలోకి డెబ్బై రెండు మెట్లు దిగాడు. ఎక్కి రావడం ఆయన నుదుట రాసిలేదు. గ్యాలరీ అంటే డ్యామ్ కడుపులో ఈ చివర నుంచి ఆ చివరికి పోయే సొరంగం లాంటి నడవా. పదకొండింటికి ఆయన్ని వెతుక్కుంటూ వెళ్ళిన వాచ్‌మన్‌కి, ఆఖరి మెట్టు కింద ఊటనీళ్ళు పోయే కాలవలో బోర్లా పడి కనిపించాడు. ఆ కాలవలో నీళ్ళు జానెడు కూడా ఉండవు. మెడ వెనక ఒక చెయ్యి ఉంటే మనిషి చావడానికి జానెడు నీళ్ళు చాలు.

రిపోర్టులో మాత్రం కాలు జారి పడ్డాడని రాశారు. ఇరవై ఏళ్ళుగా ఎన్నో డ్యాముల తడి మెట్ల మీద తిరిగిన మనిషి ఆ రోజే ఎందుకు జారాడని అడిగే తీరిక ఎవరికీ లేకపోయింది. ఆయన గుప్పిట్లో ఒక కొలత టేపు ఉంది. పైపుల్లోకి వదిలి నీటిమట్టం చూసే టేపు అది, చివర ఇత్తడి గుండు. నలభై అడుగులు దిగవలసిన ఆ టేపు మూడడుగుల దగ్గర లాక్ చేసి ఉంది. గుండు అడుగున కొత్త సొట్ట. పోలీసులు దాన్ని ఒక కవర్లో వేసి, నంబరు రాసి, మరిచిపోయారు.

మంగళవారం పొద్దున ఆ కవరు రాజధానిలో ఒక బల్ల మీద ఉంది. బల్లకి అవతల గూఢచారి శాఖ అధిపతి. అందరూ పెద్దాయన అంటారు, ఆయన పేరు తెలిసినవాళ్ళు కూడా. ఇవతల కూర్చున్న ఏజెంటుని శాఖలో ముసురు అని పిలుస్తారు. పెద్ద వానలా వచ్చి పడడు, కానీ పట్టుకున్నాడంటే వదలడు, అవతలివాడికి ఎముకల దాకా చలి పుట్టేవరకూ వదలడు. పదకొండేళ్ళ సర్వీసులో మూడు తూటాలు, రెండు పతకాలు, లెక్కలేనన్ని మెమోలు సంపాదించాడు.

పెద్దాయన బ్రీఫింగ్ ఎప్పట్లాగే టెలిగ్రామ్‌లా సాగింది. ఆ డ్యామ్ భద్రతా కార్యక్రమాన్ని ఏడాదిగా ఒక విదేశీ సంస్థ పర్యవేక్షిస్తోంది. సెన్సర్లు, సాఫ్ట్‌వేర్, మాన్యువల్ అన్నీ వాళ్ళవే. ఆ సంస్థ తరఫున అక్కడుండే సలహాదారు ఒకావిడ ఆరు నెలలుగా మన శాఖకి రహస్యంగా సమాచారం ఇస్తోంది. కోడ్ నేమ్ నెమలి. ఆవిడ కబురు ప్రకారం ఒక విదేశీ ముఠా డ్యామ్‌లో బాంబు పెట్టింది. శుక్రవారం, రిజర్వాయర్ నిండే రోజున పేలుతుంది. డ్యామ్ కింద పట్టణం, నలభై వేలమంది. ఇంకో పన్నెండు మైళ్ళు పోతే సరిహద్దు. సరిహద్దు దాటగానే ఏటి ఒడ్డున పొరుగుదేశం సైనిక శిబిరం.

"మన పట్టణం పోతే మనం ఏడుస్తాం," అన్నాడు పెద్దాయన. "వాళ్ళ శిబిరం పోతే వాళ్ళు ఏడవరు. తుపాకీ తీస్తారు. మధ్యలో మూడోవాడు చలి కాచుకుంటాడు."

ముసురు తలాడించాడు.

"ఇంకో సంగతి. గ్యాలరీకి తాళాలు రెండే. ఒకటి చచ్చిపోయినాయన దగ్గర ఉండేది. రెండోది రీడింగులు తీసే మనిషి దగ్గర ఉంటుంది. ఆవిడ మీ అక్క."

"నాకు అక్క ఉందని నేను ఏ ఫారంలోనూ రాయలేదు సార్."

"నువ్వు రాయనివి చదవడమేనయ్యా నా ఉద్యోగం," అన్నాడు పెద్దాయన. ఆ తర్వాత గొంతు తగ్గించి, లోపలి మనిషి సాయం లేకుండా ఇంత పని జరగదనీ, ఎవరినీ వదలొద్దనీ, ఎవరినీ అన్న మాటని రెండుసార్లు అని ఊరుకున్నాడు. అమ్మ పోయాక ముసురుని పెంచింది ఆ అక్కే. ఆమె చేతి ముద్దలే తిని పెరిగిన మనిషి ఇప్పుడు ఆ చేతులకి బేడీలు వెయ్యాలేమోనని బయల్దేరవలసి వచ్చింది.

తమ్ముడు టైర్ల కంపెనీలో పని చేస్తున్నాడని అక్క నమ్మకం. బయల్దేరే ముందు ఫోన్ చేసి, రేపు అక్కడ నన్ను చూస్తే ఎవరో పరాయివాణ్ణి చూసినట్టు ఉండమని చెప్పాడు. "ఏరా, ఎవరి పిల్లనైనా లేవదీసుకొచ్చావా?" అని అడిగింది అక్క. తనే మళ్ళీ, సరే, పరాయివాడివే, అంది.

బుధవారం మధ్యాహ్నానికి డ్యామ్ మీద ఒక ఆడిటర్ దిగాడు. లావు కళ్ళద్దాలు, చంకలో ఫైలు, ముందుకి పొడుచుకొచ్చిన బొజ్జ. ఆ బొజ్జ రబ్బరుది. లోపల అంగుళం మందం తోలు, తోలు మధ్యలో వైర్‌లెస్ సెట్టు. పెద్దాయన ఎప్పుడు మాట్లాడాలనుకున్నా బొడ్డు దగ్గర చిన్నగా వణుకుతుంది. శాఖలో సాంకేతిక విభాగంవాళ్ళకి హాస్యం ఎక్కువ.

వారం రోజులుగా ఎడతెగని వాన. రిజర్వాయర్ అంచుల దాకా వచ్చి, బురదరంగులో, చప్పుడు లేకుండా నిలబడి ఉంది. ఇవతల రెండు వందల అడుగుల కింద ఏటి పాయ సన్నగా పారుతోంది. దాని ఒడ్డునే సిబ్బంది ఇళ్ళు, వరుసగా. మొదటి వరుసలో మొదటి ఇల్లు అక్కది. బావ పోయాక ఆయన ఉద్యోగం, ఆ ఇల్లు ఆమెకి వచ్చాయి. ఉద్యోగం పోతే ఇల్లూ పోతుంది. ఇంట్లో మంచం దిగలేని అత్తగారు ఉంది. డ్యామ్ మీద నుంచి ఆ పెంకుల కప్పుని చూసి ముసురు చూపు తిప్పేసుకున్నాడు. నీళ్ళు కిందికి రావడం మొదలుపెడితే ఆ ఇంటికి చేరడానికి నిమిషం కూడా పట్టదు.

గెస్ట్‌హౌస్ వరండాలో నెమలి కలిసింది. పేరు పెట్టినవాడెవడో కళ్ళున్నవాడే. ఆకుపచ్చ రెయిన్‌కోటు, పొడుగాటి గొడుగు, అంత వానలోనూ చెదరని జుట్టు. ఆవిడ నడిచిన చోట పది నిమిషాల దాకా సెంటు వాసన పోదు.

"మీ గొడుగు తడవలేదే?" అన్నాడు ఆడిటర్.

"వాన మా ఇంటి చుట్టమండీ," అంది నెమలి.

కోడ్ సరిపోయింది. ఆవిడ తగ్గు గొంతుతో చెప్పుకుపోయింది. బాంబు ఎక్కడుందో తనకీ తెలియదట. శుక్రవారం మధ్యాహ్నమన్నది మాత్రం ఖాయమట. డ్యామ్ కదిలితే ముందు పైపుల్లో పీడనం పెరుగుతుంది, కంప్యూటర్ అరుస్తుంది, అప్పుడు క్షణం ఆలస్యం చేయకుండా మాన్యువల్ ప్రకారం పోవడమే దిక్కు అని హెచ్చరించింది. చచ్చిపోయిన అధికారి మాట వచ్చేసరికి ఆవిడ కళ్ళు చెమర్చాయి.

"నేనెప్పుడూ ఆ గ్యాలరీలోకి దిగలేదు. ఆ చీకటంటే నాకు భయం. పాపం ఆయనకి డెబ్బై రెండు మెట్లు రోజూ ఎక్కి దిగే వయసా?" అంది.

ముసురు ఆ మాటకి తలాడించి, ఫైల్లో ఏదో రాసుకున్నట్టు నటించాడు.

ఆ సాయంత్రం మాన్యువల్ అంతా చదివాడు. రెండొందల పేజీలు. దాన్ని ప్రాణంగా చూసుకునేవాడు కంట్రోల్ రూమ్‌లో గేట్ల ఇంజనీరు. సిబ్బంది ఆయన్ని వెనకాల రూళ్ళకర్ర అంటారు. నిటారుగా నిలబడతాడు, గీత దాటడు, దాటినవాళ్ళ వేళ్ళ మీద కొడతాడు. పధ్నాలుగో నిబంధన ఆయనకి కంఠతా వచ్చు. పన్నెండు పైపుల్లో ఎనిమిది ఎర్రగీత దాటితే సైరన్ వేసి, ఇరవై నిమిషాల్లో పదహారు గేట్లూ పూర్తిగా ఎత్తేయాలి. కంటితో చూసి రమ్మని ఎవరినీ పంపి ఆలస్యం చేయరాదు. డ్యామ్ పోవడం కంటే కింద కొంత మునగడం నయం కదా అన్నాడాయన. చూసి రావడం వద్దన్న ముక్క మొదటి నుంచీ ఉందా అని ఆడిటర్ అడిగితే, ఏడాది కిందట చేర్చారనీ, కమిటీ సంతకాలు ఉన్నాయనీ చూపించాడు. కమిటీ చదివిందా అని అడిగితే, సంతకాలు ఉన్నాయి కదా అన్నాడు.

గురువారం పొద్దున గ్యాలరీ చూపించడానికి అక్క తాళంచెవి పట్టుకుని వచ్చింది. చేతిలో టార్చి, రీడింగుల పుస్తకం, కొంగుకి దారంతో కట్టిన పెన్సిల్. గ్యాలరీలో చెమ్మకి సిరా అలుక్కుపోతుంది, అందుకని పెన్సిల్‌తోనే రాస్తారు. కంప్యూటర్ వచ్చి ఏడాదైనా పుస్తకం రాయడం మానొద్దని చచ్చిపోయినాయన ఆర్డరు. ఆమె మొహం పీక్కుపోయి ఉంది. తమ్ముణ్ణి చూసి ఒక్క క్షణం బొజ్జ మీద చూపు ఆపి, రండి సార్, అని ముందు నడిచింది.

కింద చలి. గోడల నుంచి నీళ్ళు చుక్కచుక్కగా కారుతున్నాయి. ఎవరో చీకట్లో నెమ్మదిగా నమిలినట్టు ఆ చప్పుడు ఎటు పోయినా వెంట వస్తోంది. నేలలోంచి పన్నెండు ఇనపపైపులు మోకాలెత్తున లేచి ఉన్నాయి. డ్యామ్ పునాది కింద నీళ్ళు ఎంత ఒత్తుతున్నాయో చెప్పేవి అవే. ప్రతి దాని మూతకి సెన్సర్ తీగ కట్టి ఉంది. పోలీసు కుక్కలు మూడుసార్లు వాసన చూసి వెళ్ళాయి, బాంబు లేదు. ఆడిటర్ ఒక్కో పైపు దగ్గరా ఆగి అడుగుతూ పోయాడు. ఒకటోది బానే ఉంది సార్. రెండోది బానే ఉంది సార్. ఏడో దాని దగ్గర అక్క టార్చి వెలుగు కొంచెం పక్కకి జరిగింది.

"ఏడోది?"

"నిజంగా బాగా పనిచేస్తోంది సార్," అంది అక్క.

అక్క అబద్ధం చెప్పేటప్పుడే మాటకి ముందు నిజంగా అని చేరుస్తుంది. అమ్మ జబ్బు నయమైపోతుందని చెప్పినప్పుడు అలాగే అంది. తనకి ఆకలి లేదని చెప్పి తమ్ముడికి పెట్టినప్పుడల్లా అలాగే అంది. ఆ మాట వినగానే పట్టుకోవడం అతనికి ఏడేళ్ళ వయసు నుంచీ వచ్చు. మొదటిసారి అది రాకపోయుంటే బావుండుననిపించింది.

ఆ రాత్రి ఏజెంటుకి నిద్ర లేదు. పెద్దాయనకి ఆ సంగతి చెప్పలేదు కూడా. డ్యూటీలో అతను దాచిన మొదటి నిజం అది.

శుక్రవారం మధ్యాహ్నం రెండున్నరకి మొదటి వరుసలోని మొదటి ఇంటి తలుపు తట్టాడు. కళ్ళద్దాలు లేవు. అక్క తలుపు వేసి, తమ్ముణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, నిలబడే ఉండిపోయింది. పక్క గదిలో మంచం మీద అత్తగారు ఎవరే వచ్చిందని అడిగింది. ఆఫీసు నుంచత్తయ్యా, అంది అక్క.

ముసురు జేబులోంచి పోలీసు కవరు తీసి టేపుని బల్ల మీద పెట్టాడు. అక్క దాన్ని చూసింది. మూడడుగుల దగ్గర లాక్, గుండు అడుగున సొట్ట. చూస్తూ చూస్తూ అలాగే నేల మీద కూలబడింది.

"ఆయన్ని నేనే చంపానురా," అంది.

చెప్పు అన్నాడు. ఆ మాట అతని గొంతులోంచి వచ్చిందా, ఉద్యోగంలోంచి వచ్చిందా అతనికే తెలియలేదు.

అక్క చెప్పడం మొదలుపెట్టేలోగా బయట సైరన్ అందుకుంది. కిటికీ అద్దాలు అదిరాయి. బల్ల మీద అక్క ఆఫీసు టాబ్లెట్ దానంతటదే వెలిగింది. పైపుల అంకెలు ఒకటొకటిగా ఎర్రబడుతున్నాయి. ఒకటి. నాలుగు. అయిదు. ఏడు. తొమ్మిది. వరుస ఇళ్ళల్లోంచి జనం పిల్లల్ని చంకనేసుకుని గట్టు వైపు పరుగెడుతున్నారు. ఇరవై నిమిషాలు. ఇక్కణ్ణుంచి ముసలావిణ్ణి మోసుకుంటూ గట్టెక్కడానికి ఇద్దరికి అరగంట పడుతుంది.

అక్క మాత్రం టాబ్లెట్ వైపే చూస్తోంది. "ఏడు ఎలా పెరుగుతుందిరా?" అంది. "అది చచ్చి ఆరేళ్ళయింది కదా."

ఆ తర్వాత గుక్క తిప్పుకోకుండా చెప్పింది. ఆరేళ్ళ క్రితం పునాది పగుళ్ళలోకి సిమెంటు పాలు ఎక్కిస్తుంటే పొరపాటున ఏడో పైపులోకి పోయి, మూడడుగుల కింద గట్టిపడిపోయింది. చెబితే విచారణ. కొత్త బోరు వెయ్యాలి, ఎవరి ఉద్యోగమో పోవాలి. అప్పటి ఇంజనీరు ఆరో పైపుకి దగ్గరగా ఏదో ఒకటి రాయమ్మా అన్నాడు. ఆమె రాసింది. రోజూ రాసింది. ఆరో దానికి రెండు కలిపి, వానాకాలంలో మూడు కలిపి. ఏడాది కిందట సెన్సర్లు బిగించడానికి వచ్చిన పనివాడు పైపు పూడిపోయిందని చూసి కూడా, నాకెందుకొచ్చిన గొడవ అని సెన్సర్‌ని లోపలికి దించకుండా తీగని మూతకి కట్టేసి పోయాడు. ఖాళీగా వచ్చే రీడింగుకి కంప్యూటర్ పాత పుస్తకాల్లోని లెక్క చూసి తనే ఒక అంకె వేసుకుంటుందని ఆమె కనిపెట్టింది. తన అబద్ధాన్నే అది నేర్చుకుంది. ఆరోది కదలకుండా ఏడోది పెరగడం ఆ లెక్కలోనూ జరగదు. కొత్తగా బదిలీ మీద వచ్చిన భద్రతాధికారికి అనుమానం వచ్చి అడిగితే నిజంగా పనిచేస్తోందని చెప్పింది. ఆయన నమ్మలేదు. సోమవారం తనే టేపు పట్టుకుని దిగాడు.

"నేను నిజం చెప్పుంటే ఆయన దిగేవాడే కాదు," అంది అక్క.

ముసురుకి అప్పటికి అంతా తేటపడింది. బాంబు లేదు. ఎప్పుడూ లేదు. బాంబు వెతుకుతూ కుక్కలు తిరుగుతుంటే అందరి కళ్ళూ నేల మీదే ఉంటాయి, శుక్రవారం కంప్యూటర్ అరవగానే అందరూ నమ్మేస్తారు. డ్యామ్‌ని పగలగొట్టే పని ముఠాకి లేదు. దొంగ అంకెలు ఎనిమిది చూపిస్తే చాలు, రూళ్ళకర్ర తన చేత్తోనే పదహారు గేట్లూ ఎత్తి పట్టణాన్నీ శిబిరాన్నీ ముంచేస్తాడు. ఇంటికి కాపలా పెట్టిన కుక్కే ఇంటివాణ్ణి కరిచేలా మాన్యువల్‌ని తయారుచేశారు. చచ్చిన పైపుకి రీడింగు ఎలా వస్తోందని ఆరా తీసినందుకు ఆ అధికారి బతకలేదు.

"నిజం ఇప్పుడు చెప్పాలక్కా. వాళ్ళందరి ముందూ," అన్నాడు.

అక్క పక్క గది వైపు చూసింది. లోపలి నుంచి అత్తగారు, "వెళ్ళవే. నేనెక్కడికీ పోను," అంది.

స్కూటర్ మీద గట్టెక్కుతుంటే బొడ్డు దగ్గర వణికింది. పెద్దాయన. శాఖకి అలారం చేరిపోయింది, నెమలి చెప్పింది చెప్పినట్టు జరుగుతోంది, గేట్లు ఎత్తించడానికి ఎవరు అడ్డొచ్చినా తీసి పారేయమని ఆర్డరు. ముసురు స్కూటర్ వేగం పెంచాడు. వెనక కూర్చున్న అక్క, నీ బొజ్జ మాట్లాడుతోందిరా, అంది.

కంట్రోల్ రూమ్ తలుపు తోసేసరికి గోడ గడియారంలో రెండు నిమిషాలే మిగిలున్నాయి. తెర నిండా ఎరుపు. పన్నెండుకి పన్నెండు. రూళ్ళకర్ర చెమటలు కారుతూ, అయినా నిటారుగా, గేట్ల స్విచ్చిలో తాళంచెవి పెట్టి బల్ల ముందు నిలబడ్డాడు. పక్కన నెమలి, చేతిలో గొడుగు.

"ఆపండి. అంకెలు దొంగవి," అన్నాడు ముసురు.

"ఏ నిబంధన కింద?"

ముసురు అసలు గుర్తింపు కార్డు తీసి చూపించాడు. రూళ్ళకర్ర దాన్ని రెండు వైపులా చదివి, గూఢచారి శాఖకి గేట్ల మీద అధికారం లేదన్నాడు. అదే సమయానికి బొజ్జలోంచి పెద్దాయన గొంతు గట్టిగా వినిపించింది. గేట్లు ఎత్తించమని అరుస్తోంది. నెమలి పెదవుల మీదికి చిన్న నవ్వొచ్చింది.

"మీ పైవాళ్ళే చెబుతున్నారు కదండీ," అంది.

అక్క ముందుకొచ్చింది. ఏడో పైపు ఆరేళ్ళ కిందటే పూడిపోయిందనీ, దానిలో పీడనం పెరగడం జరగదనీ, తను అబద్ధాలు రాశాననీ చెప్పింది. టేపుని బల్ల మీద పెట్టింది. మూడడుగులు.

నెమలి అలమర్లోంచి రీడింగుల పుస్తకాలు తీసి దొంతరగా పడేసింది. "రెండు వేల పైచిలుకు సంతకాలు. అన్నీ ఈవిడవే. ఆరేళ్ళూ అబద్ధం చెప్పిన మనిషి ఈ ఒక్క రోజూ నిజం చెబుతోందా?"

గడియారం సున్నాకి వచ్చింది. రూళ్ళకర్ర కళ్ళు మూసుకుని తాళంచెవి తిప్పాడు. కింద ఎక్కడో మోటార్లు మూలిగాయి. పదహారు గేట్లు ఒక్కసారిగా కదిలి, ఒక వేలెడు లేచాయి. కాళ్ళ కింద నేల సన్నగా కంపించడం మొదలైంది. డ్యామ్ అవతలివైపు నుంచి వచ్చిన ఆ చప్పుడు విన్నవాళ్ళు ఇప్పటికీ దాన్ని గుర్తు చేసుకోరు.

"ఏం చేస్తే ఆపుతారు?" అని అడిగాడు ముసురు. "అరవను. తుపాకీ తియ్యను. మీ పుస్తకంలో ఏముందో చెప్పండి."

రూళ్ళకర్ర కళ్ళు తెరిచాడు. ముప్పై ఒకటో నిబంధన, అన్నాడు ఆదరాబాదరాగా. పరికరం చెడిందని రీడింగు తీసే మనిషి లోపాల రిజిస్టర్లో రాసి, తేదీ వేసి, సంతకం పెడితే ఆ అలారం అనుమానాస్పదం. అప్పుడు అధికారి తన విచక్షణ మీద ఆపొచ్చు. నోటిమాట చెల్లదు. రాయాలి. అది రాసిన మనిషి ఉద్యోగం ఏమవుతుందో పక్క పేజీలోనే ఉందని కూడా, పాపం, నిజాయితీగా చెప్పాడు.

అక్క రిజిస్టర్ లాక్కుంది. కొంగున కట్టిన పెన్సిల్ పట్టుకుంది.

నెమలి గొడుగు పైకి లేచింది. దాని కొనలో చిన్న రంధ్రం ఉందని ముసురు బుధవారమే గమనించాడు. గొడుగు అక్క వైపు తిరిగేలోగా మధ్యలోకి దూకాడు. టప్‌మని చిన్న చప్పుడు. తూటా బొజ్జలో దిగబడింది. గేట్లు ఎత్తు, గేట్లు ఎ, అంటూ పెద్దాయన గొంతు సగంలో ఆగిపోయింది. ముసురు బల్ల మీది టేపు అందుకుని విసిరాడు. ఇత్తడి గుండు నెమలి మణికట్టు మీద ఠంగున తగిలి, గొడుగు ఎగిరిపడింది. మరుక్షణం ఆవిడ చేతులు వెనక్కి విరిచి ఉన్నాయి.

"దిగలేదన్నావు. మెట్లు ఎన్నో ఎలా లెక్కపెట్టావు?" అన్నాడు ఆవిడ చెవిలో.

"ఎక్కేటప్పుడు," అంది నెమలి చల్లగా. "దిగేటప్పుడు ఆయనతో మాట్లాడుతున్నాను."

ఆ గదిలో ఇంత జరుగుతున్నా అక్క తల ఎత్తలేదు. రాస్తోంది. ఏడవ పైపు ఆరేళ్ళుగా పనిచేయడం లేదు. నేను రాసినవన్నీ నేను ఊహించి రాసినవి. తేదీ. పెన్సిల్ ములుకు విరిగింది. గోటితో చెక్క ఒలిచి, సంతకం పెట్టింది. రూళ్ళకర్ర ఆ రెండు వాక్యాలూ వేలు పెట్టి చదివాడు. తేదీ సరిచూశాడు. చూసి, ఎర్రబటన్ మీద అరచేత్తో కొట్టాడు.

గేట్లు బెత్తెడెత్తులో ఆగాయి.

మోటార్లు దించడం మొదలుపెట్టాయి. ముసురు గ్యాలరీకి పరుగెత్తి, డెబ్బై రెండు మెట్లూ దిగి, కాలవలో టార్చి వేసి చూశాడు. ఊటనీళ్ళు నిన్నటిలాగే జానెడు, నిన్నటిలాగే తేటగా ఉన్నాయి. డ్యామ్‌కి ఏమీ కాలేదు. ఆ చీకట్లో, చచ్చిపోయినాయన పడిన చోట, ఒక నిమిషం ఊరికే నిలబడ్డాడు. తర్వాత మెట్ల మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అక్క దోషి కాదని తేలినందుకో, నిన్న రాత్రంతా ఆమెని దోషి అనుకున్నందుకో అతను తేల్చుకోలేదు.

అక్కా తమ్ముడూ కిందికి చేరేసరికి మొదటి వరుస మొదటి ఇంట్లో నీళ్ళు మంచంకోళ్ళ దాకా వచ్చి తీశాయి. అత్తగారు మంచం మీదే ఉంది. అంత సేపూ ఎక్కడ తిరుగుతున్నావే, ఇల్లంతా ఊడ్చుకోవాలి, అంది కోడలితో.

నెల తిరిగేలోగా ముఠాలో తొమ్మిదిమంది దొరికారు. ముసురుకి మూడో పతకం వచ్చింది, వైర్‌లెస్ సెట్టు పాడుచేసినందుకు ఇంకో మెమో వచ్చింది. రూళ్ళకర్ర మాన్యువల్‌లోంచి చూసి రావడం వద్దన్న ముక్క కొట్టేయించి, పక్కన తన పొడి సంతకం పెట్టాడు. అక్కని సస్పెండ్ చేశారు. విచారణ ముగిసేదాకా ఇంట్లో ఉండొచ్చన్నారు.

ఒక ఆదివారం ముసురు వెళ్ళేసరికి అక్క గుమ్మంలో కూర్చుని ఒక ఉత్తరం చదువుతోంది. భద్రతా కమిటీ నుంచి. జరిగినదాన్ని కమిటీ చాలా తీవ్రంగా తీసుకున్నదట. రికార్డులు పూర్తిచేసే నిమిత్తం ఏడవ పైపుకి సంబంధించి గత ఆరు సంవత్సరాల అసలు రీడింగులని వారం రోజుల్లోగా పంపవలసిందట.

అక్క ఉత్తరం మడిచి, కొంగున ఉన్న పెన్సిల్‌ని నాలిక మీద తడి చేసుకుంది.

"అడిగారు కదరా. ఈసారి నిజంగా జాగ్రత్తగా రాస్తాను," అంది.

ముసురు పెన్సిల్ లాక్కుని జేబులో పెట్టుకున్నాడు.